నేను కొట్టేసిన నాలుగు లైన్లు

2018 వేసవి. రాజమండ్రి దానవాయిపేటలో మా ఇంటి ముందుగదే నా ఆఫీసు. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, గోడవారన పాత ప్రూఫుల కట్టలు, బల్ల మీద ఎర్ర పెన్నులు. నేను ఎడిటర్ని. పత్రికకు కాదు, పుస్తకాలకు. నవలో కథల సంపుటో సొంతంగా అచ్చువేయించుకునేవాళ్ళు రాతప్రతి తెచ్చి నా చేతిలో పెడతారు. నేను చదివి, ఎక్కడ సాగదీశారో ఎక్కడ కుంటిందో చెప్పి, దిద్ది, డీటీపీ చేయించి ప్రెస్సుకు అప్పగిస్తాను. అప్పటికి ఇరవై రెండేళ్ళుగా అదే పని. చాలామంది నన్ను ప్రూఫులు దిద్దే ఆవిడ అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. రచయితలకు రాయడం నేర్పేది నేనేనని అప్పట్లో నాకో నమ్మకం. ఇప్పుడు ఎవరైనా ప్రూఫుల ఆవిడ అంటే కిక్కురుమనను.

ఆ వేసవిలో రావులపాలెం నుంచి రత్నకుమారి గారు వచ్చారు. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. డెబ్బైకి దగ్గర పడుతున్న మనిషి, నేత చీర, చేతిలో గుడ్డసంచి. సంచిలో రెండు లాంగ్ నోటుబుక్కుల నిండా ఒక నవల. కుర్చీ చూపించినా, నేను కూర్చున్నాకే కూర్చున్నారు.

"నాకు రాయడం రాదండి. పిల్లలకి పాఠాలు చెప్పడమే వచ్చు. మీరు ఎలా దిద్దమంటే అలా దిద్దుకుంటానండి" అన్నారు.

ఇలా అనే రచయిత నాకు అంతకుముందు దొరకలేదు. అందరూ ఒక్క అక్షరం ముట్టుకోవద్దనేవాళ్ళే. నాకు పండగే అనిపించింది.

నవలకు తొందరుంది. ఆవిడ వదినగారికి శ్రావణంలో ఎనభై ఏళ్ళు నిండుతున్నాయి. రావులపాలెంలో ఫంక్షన్ హాలు మాట్లాడారు. ఆ వేదిక మీదే పుస్తకం ఆవిష్కరించి, వదినగారి చేతుల్లో పెట్టాలని రత్నకుమారి గారి కోరిక. తల్లి పోతే ఈ వదినే తనను పెంచిందని మొదటి రోజే చెప్పారు. నేను తలూపి, శ్రావణానికి ఎన్ని వారాలున్నాయో క్యాలెండర్‌లో లెక్క చూసుకున్నాను.

నవల బాగుంది. పందొమ్మిది వందల అరవైల నాటి గోదావరి లంక గ్రామం, తల్లి లేని పిల్ల, కౌలు చేసుకునే అన్న, కామాక్షి అనే వదిన. మనుషులు కళ్ళ ముందు తిరుగుతారు. జబ్బల్లా ఒకటే. ప్రతి మనిషి గురించీ ఆవిడ ముందే చెప్పేస్తారు. "అన్నయ్య మంచివాడే కానీ పిరికివాడు" అని రాస్తారు. "కామాక్షి వదినది నోరు పెద్దదే కానీ మనసు వెన్న" అని రాస్తారు. క్లాసులో పిల్లల ప్రోగ్రెస్ కార్డులు రాసి రాసి వచ్చిన అలవాటు.

ఇక్కడ మా వృత్తి సంగతి కొంచెం చెప్పాలి. కథలో ఒక మనిషి ఎలాంటిదో తెలియజేయడానికి రెండు దారులున్నాయి. ఒకటి, రచయితే పూనుకుని ఫలానా మనిషి పిసినారి, ఫలానా మనిషి దయగలది అని చెప్పేయడం. దాన్ని ప్రత్యక్ష చిత్రణ అంటాం. రెండోది, ఆ మాట అనకుండా మనిషి చేత ఏదో ఒకటి చేయించి, ఏదో ఒకటి మాట్లాడించి, మిగిలింది పాఠకుడికి వదిలేయడం. అది పరోక్ష చిత్రణ. ఇంగ్లీషులో 'షో, డోంట్ టెల్' అంటారు. చూపించు, చెప్పకు అని. నేను ఈ రెండోదానికి పరమ భక్తురాలిని. మా ఇంట్లో కూర బాగుందని ఎవరైనా అంటే, నోటితో చెప్పకండి, ఇంకోసారి వడ్డించుకోండి అనేదాన్ని.

రత్నకుమారి గారికి ఇదంతా ఒక ఆదివారం కూర్చోబెట్టి చెప్పాను. "అన్నయ్య పిరికివాడని మీరు చెప్తే నేనెందుకు నమ్మాలండీ? భూమి ఆసామి వీధిలో వస్తుంటే అన్నయ్య ఏం చేసేవాడో రాయండి."

ఆవిడ "సైకిల్ దిగిపోయేవాడండి. ఆయన ఇంకా ఆ మలుపులో ఉండగానే" అన్నారు.

"అదే రాయండి. పిరికివాడన్న మాట తీసేయండి."

ఆవిడ ముఖం వెలిగింది. చిన్నపిల్లలా నోటుబుక్కులో రాసుకున్నారు. రెండు వారాల తర్వాత తెచ్చిన ప్రతి చూసి నేను నిజంగానే ఆశ్చర్యపోయాను. ప్రోగ్రెస్ కార్డు మాటలు దాదాపు అన్నీ పోయాయి. కామాక్షి కూరగాయలవాడితో బేరమాడటం, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూనే పిల్ల జడ లాగి కూర్చోబెట్టడం, అన్నీ చేతల్లోకి వచ్చేశాయి. గొప్ప శిష్యురాలు దొరికిందని ఆ రోజు మా ఆయనతో గొప్పలు చెప్పుకున్నాను.

నవలకు గుండెకాయ లాంటి ఘట్టం పదిహేనో అధ్యాయంలో ఉంది. అన్న పొగాకు కాల్చే బేరన్ల పని మీద జంగారెడ్డిగూడెం వైపు వెళ్ళి ఉంటాడు. పదమూడేళ్ళ ఆడపడుచును కామాక్షి చెయ్యి పట్టి వీధిలోకి లాగుతుంది. ఊరంతా వినేట్టు అరుస్తుంది. "దీన్ని మేపడం నా వల్ల కాదు. దీని తిండి, దీని పొగరు, నా వల్ల కాదు. హాస్టల్లో పడేసి వస్తాను, చస్తే చస్తుంది, బతికితే బతుకుతుంది." ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని, పిల్లను ముందు నడిపించుకుని బస్సు దగ్గరికి పోతుంది. రాజమండ్రిలో హాస్టల్ గేటు దగ్గర వదిలి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోతుంది. చదువుతూ ఎర్ర పెన్ను కింద పెట్టేశాను. అంత బాగా రాశారు.

ఆ అధ్యాయం చివర నాలుగు లైన్లున్నాయి.

"వదిన నన్ను తరిమేయలేదు. దాచింది. ఆసామి తమ్ముడికి రెండో పెళ్ళాంగా నన్నిస్తానని అన్నయ్య మాటిచ్చాడు. కాదంటే కౌలు పోతుంది, అవునంటే నేను పోతాను. అందుకే చెడ్డపేరంతా తనమీద వేసుకుని, వీధి వినడానికే వదిన ఆ రోజు అరిచింది."

నేను ఎర్ర పెన్నుతో ఆ నాలుగు లైన్లూ అడ్డంగా కొట్టేశాను. మార్జిన్‌లో 'చెప్పకండి, చూపించారు కదా' అని రాశాను. పదకొండో అధ్యాయంలో ఆసామి తమ్ముడు ఇంటికొచ్చి, పిల్ల చేతి మంచినీళ్ళు తాగి, అన్నయ్యతో గుసగుసలాడి వెళ్ళే చిన్న ముక్క ఉంది. అది చాలు, తెలివైన పాఠకుడు కలుపుకుంటాడు అనుకున్నాను. నాకు చక్కగా కలిసింది మరి. ఎందుకు కలిసింది? ఆ నాలుగు లైన్లూ నేను చదివాను కాబట్టి. ఈ చిన్న విషయం ఇరవై రెండేళ్ళ అనుభవానికి తట్టలేదు.

ఇంకో కారణం కూడా ఉంది. దాచను. మా పనిలో ఫారం అని ఒక లెక్క. పెద్ద కాగితాన్ని మడిస్తే పదహారు పేజీలు వస్తాయి, అది ఒక ఫారం. పుస్తకం సరిగ్గా ఫారాల్లో ఇమడాలి, లేకపోతే కాగితం వృథా. ఈ నవల నూట తొంభై మూడు పేజీలు వచ్చింది. పన్నెండు ఫారాల మీద ఒక్క పేజీ ఎక్కువ. చూస్తే, పదిహేనో అధ్యాయం చివర ఈ నాలుగు లైన్లే కొత్త పేజీలోకి జారి, మిగతా పేజీ అంతా తెల్లగా పడుంది. అవి తీసేస్తే నూట తొంభై రెండు. ఒక్క దెబ్బకు కళా నిలబడింది, కాగితమూ మిగిలింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ప్రూఫులు అందాక రత్నకుమారి గారు ఫోను చేశారు.

"మేడం, ఆ పదిహేనులో నాలుగు లైన్లు ఉండనివ్వండీ."

"ఎందుకండీ? ఘట్టం అద్భుతంగా వచ్చింది. చివర్లో మీరొచ్చి వివరణ ఇస్తే చప్పబడిపోతుంది."

"అంటే, చదివేవాళ్ళకి తెలియదేమోనండి. మా వాళ్ళు కూడా..."

"పాఠకుల్ని అంత తక్కువ అంచనా వేయకూడదండీ" అని మధ్యలోనే అందుకున్నాను. ఇక మొదలుపెట్టి పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. చూపించడమంటే ఏమిటి, చెప్పడమంటే ఏమిటి, గొప్ప రచయితలు ఎక్కడ ఆగుతారు, మొదటిసారి రాసేవాళ్ళు ఎందుకు ఆగలేరు, అన్నీ. ఆవిడ మధ్య మధ్య ఊఁ కొట్టారు. చివరికి, "అలాగేనండి. మీకు తెలిసినంత నాకు తెలీదు కదా" అన్నారు.

నేను పుట్టిపెరిగింది ఈ జిల్లాలోనే. మా వైపు పెద్దవాళ్ళ నోట 'అలాగేనండి' అంటే ఒప్పుకున్నట్టు కాదు, ఎదుటి మనిషిని నొప్పించడం ఇష్టంలేక ఊరుకున్నట్టు. పెళ్ళి సంబంధం నచ్చకపోయినా అలాగేనండి అనే అంటారు, తర్వాత కబురు పంపరు. ఇదంతా తెలిసి కూడా నేను దాన్ని ఆమోదం కింద రాసుకున్నాను. ఫైలు ప్రెస్సుకు వెళ్ళిపోయింది.

ఫంక్షన్‌కు నన్నూ పిలిచారు, వేదిక మీద కుర్చీ వేశారు. పొద్దున పదకొండు గంటలు. నూట యాభై మంది దాకా చుట్టాలు, రత్నకుమారి గారి పాత విద్యార్థులు. వేదిక పక్కన బల్ల మీద ఆవిడ అన్నగారి ఫోటో, దండ వేసి ఉంది. మూడేళ్ళ కిందట పోయారట. ముందు వరసలో సుబ్బాయమ్మ గారు, అంటే వదినగారు, ముదురాకుపచ్చ పట్టుచీరలో కూర్చున్నారు. పక్కన ఆవిడ కొడుకు సత్తిబాబు. పుస్తకం ఆవిడ ఒళ్ళో ఉంది. పొద్దున్నే రత్నకుమారి గారు మొదటి ప్రతి తీసుకెళ్ళి చేతిలో పెట్టారట. మిగతా ప్రతులు తాంబూలం సంచుల్లో, కొబ్బరికాయ పక్కన సర్ది గుమ్మం దగ్గర పెట్టారు.

పుస్తక పరిచయం చేసినాయన తెలుగు లెక్చరర్. మంచి గొంతు. నేరుగా పదిహేనో అధ్యాయం తీశారు. కామాక్షి వీధిలో అరిచిన అరుపులన్నీ అభినయంతో చదివారు. జనం నవ్వారు, హాస్టల్ గేటు దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

"చూశారా అండీ" అన్నారాయన. "ఈ వదిన దుర్మార్గురాలని రచయిత్రి ఎక్కడా అనలేదు. రాక్షసి అనలేదు. ఒక్క విశేషణం లేదు. తల్లిలేని పిల్లని గేటు దగ్గర వదిలి వెనక్కి కూడా చూడలేదు అన్నారంతే. మనకి ఆవిడంటే అసహ్యం పుట్టిందా లేదా? ఇదండీ పరోక్ష చిత్రణ అంటే."

చప్పట్లు. నేనూ కొట్టాను. ఈ విషయం ఎవరికీ చెప్పలేదు ఇన్నాళ్ళూ. వేదిక మీద కూర్చుని, ఆ పొగడ్త నాకే దక్కాలని మనసులో అనుకుంటూ నేనూ చప్పట్లు కొట్టాను.

అప్పుడు నాలుగో వరసలోంచి ఒక ముసలావిడ గొంతు. "నిజమే రాశావే రత్నం! ఆ రోజు నేను మా అరుగు మీదే ఉన్నాను. ఈ సుబ్బాయమ్మ అలాగే అరిచింది. ట్రంకుపెట్టె కూడా నిజమే."

అందరి తలలూ ముందు వరస వైపు తిరిగాయి. నవలలో కామాక్షి ఎవరో అంతవరకు తెలియనివాళ్ళకు కూడా అప్పుడు తెలిసిపోయింది. సత్తిబాబు తల్లి ముఖంలోకి చూశాడు. రత్నకుమారి గారు లేచి మైకు అందుకున్నారు.

"అందులో ఇంకో మాట ఉండాలండి. అది అచ్చులో పోయింది. మా వదిన ఆ రోజు..."

"రత్నం" అన్నారు సుబ్బాయమ్మ గారు కింద నుంచి. పెద్దగా కూడా అనలేదు. "భోజనాలు చల్లారిపోతున్నాయి. మైకు ఇచ్చేసి రా."

అలా అంటూ భర్త ఫోటో వైపు ఒకసారి చూశారు. రత్నకుమారి గారు మైకు ఇచ్చేశారు.

మిగతా కథ నాకు వంటలవాళ్ళ షెడ్డు పక్కన, నిలబడి, రత్నకుమారి గారు చెప్పారు. తనకు ఉద్యోగం వచ్చిన కొత్తలో వదిన ఒక్కసారే నిజం చెప్పిందట. మీ అన్నయ్య ఉండగా ఎవరితోనూ అనకు అని మాట తీసుకుందట. పెళ్ళాం గయ్యాళితనం వల్ల సంబంధం తప్పిపోయిందంటే ఆసామికి అన్నయ్య మీద కోపం రాదు, కౌలు నిలుస్తుంది, పిల్ల చదువుకుంటుంది. అదీ ఇరవై నాలుగేళ్ళ మనిషి వేసిన ఎత్తు. యాభై ఏళ్ళకు పైగా ఆ ఊళ్ళో, ఆడపడుచును తరిమేసిన మనిషిగానే బతికింది. కోడలు కాపురానికొచ్చినప్పుడు కూడా ఆ మాట చెప్పి జాగ్రత్తగా ఉండమన్నారట ఊరివాళ్ళు.

"నిలబడి చెప్పాలంటే అన్నయ్యని నలుగుర్లో దోషిని చెయ్యాలండి. సత్తిబాబు ముందు వాళ్ళ నాన్నని. వదిన ఒప్పుకోదు. నవలైతే ఎవరి పేరూ ఉండదు, అర్థం కావలసినవాళ్ళకి అర్థమవుతుంది అన్నాను. సరే అంది. అందుకే రాశానండి. నాకు నవలలు రాయాలని ఎప్పుడూ లేదు."

చూపించు, చెప్పకు అని అందరికీ బోధించే నాకు అప్పుడు తెలిసింది. మనిషి చేతలే మనిషిని పట్టిస్తాయని మా నమ్మకం. కానీ ఈవిడ కావాలనే తప్పుగా కనబడింది. ఊరు మొత్తాన్ని నమ్మించడానికి వీధిలో చేసిన పనిని ఉన్నదున్నట్టు చూపిస్తే, పాఠకుడూ ఆ ఊరివాడిలాగే నమ్ముతాడు. ఆవిడెవరో తెలియాలంటే ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పాలి. ఆ చెప్పిన నాలుగు లైన్లనే నేను తీసి పారేశాను.

సుబ్బాయమ్మ గారి దగ్గరికి వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "అమ్మా, తప్పు నాది. ఆ మాట నేనే తీసేశాను. రత్నకుమారి గారు రాశారు" అన్నాను.

"మీరేం చేస్తారమ్మా, చదువుకున్నవాళ్ళు" అన్నారావిడ. అందులో వెటకారం ఉందేమోనని చూశాను. లేదు. ఉంటే బాగుండేది. "రత్నం నాకు ముందే చెప్పింది, పదిహేనులో వేశానొదినా అని. పొద్దున్న కళ్ళజోడు పెట్టుకుని చూసుకున్నాను. అరుపులన్నీ ఉన్నాయి. ఆ తర్వాత ఏమీ లేదు. కాగితాలు అంటుకుపోయాయేమోనని గోరుతో విడదీసి కూడా చూశానమ్మా."

వడ్డన వాళ్ళు వచ్చి ఆవిణ్ణి పంక్తికి తీసుకెళ్ళారు. గుమ్మం దగ్గర తాంబూలం సంచులు ఒక్కొక్కటీ ఒక్కో ఇంటికి వెళ్ళిపోతున్నాయి.

వారం తర్వాత రావులపాలెం వెళ్ళి రత్నకుమారి గారికి చెప్పాను, మిగిలిన ప్రతులన్నిటిలో తప్పొప్పుల పట్టిక అతికిద్దామని. అచ్చులో తప్పు దొర్లితే చిన్న చీటీ మీద వేసి పుస్తకం వెనకాల అంటించడం మాకు మామూలే.

ఆవిడ నాతో ఒక్కసారి కూడా గట్టిగా మాట్లాడిన మనిషి కాదు. ఆ రోజు మాట్లాడారు. "తప్పొప్పుల పట్టికలో వేస్తారా అండీ మా వదినని? పుస్తకం వెళ్ళిన ఇళ్ళన్నిటికీ ఆ చీటీ పట్టుకుని ఎవరు తిరుగుతారండి? మీరు తిరుగుతారా?"

తిరుగుతానని అనాల్సింది. అనలేదు. మంచినీళ్ళు తాగి బస్సెక్కాను.

నవలకు మంచి పేరొచ్చింది. సమీక్షలు రాసిన ఇద్దరూ కఠినమైన వదిన పాత్రను ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. ఒక కథల వర్క్‌షాపులో ఆ పదిహేనో అధ్యాయం జిరాక్సులు పంచి, ఈ పాత్ర స్వభావం రాయండి అంటే, పిల్లలు స్వార్థపరురాలు, జాలి లేనిది అని రాశారు. ఆ గదిలో వెనక కుర్చీలో నేనున్నాను. నిజం చెప్తే ఆ అన్న పేరు బయటికొస్తుందని సర్దిచెప్పుకుని, కాఫీ విరామంలో వచ్చేశాను. అసలు కారణం అది కాదు. నా తప్పు చెప్పుకోవడానికి సిగ్గేసింది.

సుబ్బాయమ్మ గారు మరుసటి ఏడాది పోయారు. పెద్దకార్యం నాడు భోజనాల దగ్గర కూడా ఆ పుస్తకం సంగతి వచ్చిందని విన్నాను. కొన్నాళ్ళు ఆగి ఫోను చేసి, ఆ నాలుగు లైన్లూ పెట్టి రెండో ముద్రణ నేనే వేయిస్తానని రత్నకుమారి గారిని అడిగాను.

"వద్దండి. వదిన చదవాలనే రాశాను. ఆవిడ చదివేసింది కదండి" అన్నారు.

ఈ పని నేనింకా మానలేదు. ఇప్పటికీ పది మంది రాసిన మాటలు కొట్టేస్తూనే ఉన్నాను. కొట్టేసేముందు మాత్రం ఫోను చేసి, ఈ మాట ఎవరి కోసం రాశారండీ అని అడుగుతాను. చాలామందికి జవాబుండదు. అప్పుడు నిశ్చింతగా కొట్టేస్తాను. ఎప్పుడో ఒకరు మాత్రం కాసేపు ఏమీ మాట్లాడరు. వాళ్ళు నోరు విప్పేదాకా ఫోను పట్టుకుని కూర్చుంటాను, ఎంతసేపైనా సరే. రత్నకుమారి గారి దగ్గర ఆ రోజు జవాబుంది. నేను అడగాల్సిన పని కూడా లేకపోయింది, ఆవిడే చెప్పబోయారు. నేనే చెప్పనివ్వలేదు.